గుండె జబ్బు చాటున కుంగుబాటు

గుండె కండరం బలహీనపడటం వల్లనో, బిగుసుకుపోవడం వల్లనో శరీరానికి కావలసినంత రక్తం అందని స్థితిని వైద్యులు హార్ట్ ఫెయిల్యూర్ అంటారు. గుండె ఆగిపోయిందని దీని అర్థం కాదు. ‘పంపింగ్ తగ్గింది’ అని రోగులు చెప్పుకునేది చాలావరకు ఈ జబ్బు గురించే. తిరువనంతపురంలో 2013లో నమోదు చేసిన ఇటువంటి రోగుల సగటు వయస్సు సుమారు 61 ఏళ్లు కాగా, పాశ్చాత్య దేశాలలో ఇది దాదాపు పదేళ్లు ఆలస్యంగా కనిపిస్తుంది.

ఈ రోగులలో ఇంచుమించు ప్రతి అయిదుగురిలో ఒకరు కుంగుబాటుకు, అంటే డిప్రెషన్‌కు, లోనవుతున్నారని 2006లో వెలువడిన ఒక సమీక్ష అంచనా వేసింది. అయినా అది సులభంగా బయటపడదు. నీరసం, నిద్రలేమి, ఆకలి మందగించడం రెండు జబ్బులకూ ఉమ్మడి లక్షణాలు కావడంతో, ఇంటివారూ కొన్నిసార్లు వైద్యులూ వాటన్నిటినీ గుండె ఖాతాలోనే వేస్తారు. కుంగినవారు మాత్రలు మానేస్తారు, ఉప్పు విషయంలో పట్టు సడలిస్తారు, నడక తగ్గిస్తారు; దానికి తోడు ఒత్తిడి హార్మోన్లు పెరిగి, అలసిన గుండెపై మరింత భారం పడుతుంది. కుంగుబాటు ఉన్న హార్ట్ ఫెయిల్యూర్ రోగులలో ఆసుపత్రి పాలవడమూ మరణాలూ ఎక్కువగా ఉండటానికి ఇవి కారణాలు కావచ్చు.

చికిత్స విషయంలో ఒక నిజాన్ని గ్రహించాలి. సెర్ట్రలిన్‌పై 2010లోనూ, ఎస్సిటాలోప్రామ్‌పై 2016లోనూ వెలువడిన పరీక్షలలో, హార్ట్ ఫెయిల్యూర్ రోగుల కుంగుబాటును తగ్గించడంలో ఆ మందులు ఉత్తుత్తి మాత్రలను మించలేదు. నిరాశ పుట్టించే ఆలోచనలను గుర్తించి, రోజువారీ పనులను తిరిగి అలవరచే మాటల చికిత్స మాత్రం 2015 నాటి పరీక్షలో కుంగుబాటును తగ్గించింది. వైద్యుల సలహాతో చేసే వ్యాయామం కూడా కొంత ఊరటనిస్తుందని తేలింది. అలాగని ఇప్పటికే మందులు వాడుతున్నవారు వాటిని సొంతంగా ఆపకూడదు.

అయితే మానసిక చికిత్స అందరికీ దగ్గరలో ఉండదు. ఉదాహరణకు, రంగారెడ్డి జిల్లా బడంగ్‌పేట్ హైదరాబాద్‌కు ఆగ్నేయాన ఉండగా, ప్రభుత్వ మానసిక చికిత్సాలయం ఉన్న ఎర్రగడ్డ నగరానికి మరో కొసన ఉంది. నాలుగు మెట్లెక్కితేనే ఆయాసపడే మనిషికి ఆ ప్రయాణమే పెద్ద అడ్డంకి కనుక, 2022 అక్టోబరులో మొదలైన టెలీ మానస్ ఉచిత ఫోన్ సేవ, 14416, బడంగ్‌పేట్‌వారికి ఎంతో విలువైనది. అందులో తెలుగులోనే మాట్లాడవచ్చు. చనిపోవాలనే ఆలోచన వస్తే మాత్రం ఆ రోజే వైద్యుణ్ణి కలవాలి.

గత రెండు వారాలలో దేనిమీదా ఆసక్తి లేకుండా పోయిందా, దిగులుగా, ఏ ఆశా లేనట్టుగా అనిపించిందా అన్న రెండు ప్రశ్నలతోనే కుంగుబాటును తొలిదశలో పసిగట్టవచ్చు. బరువు, రక్తపోటు చూసే ప్రతిసారీ వీటిని కూడా అడిగి, జవాబును చీటీలో రాయడం అలవాటు కావాలి. అడగనిదే బయటపడని బాధకు అడగడమే చికిత్సలో తొలి మెట్టు.