గులాబీ బొమ్మ గీయొచ్చా? దాదీ అడిగే ప్రశ్న

బాన్సువాడ: ఇంటర్ బైపీసీ పిల్లల రికార్డు తిరగేస్తే మందారం, ఉమ్మెత్త బొమ్మలు కనిపిస్తాయి. మార్కుల కోసం గీస్తే ఎవరూ ఏమీ అనరు. అదే అమ్మాయి సెలవుల్లో రంగులు కొని గులాబీ గీస్తానంటే మాత్రం, "తస్వీర్ గీయడం జాయిజేనా బేటా?" అని దాదీ అడుగుతుంది. అడగాల్సిన ప్రశ్నే.

జవాబు సహీ బుఖారీలో ఉంది. బొమ్మలు గీసి బతికే ఒకాయన హజ్రత్ ఇబ్నె అబ్బాస్ (రజి) దగ్గరికి వచ్చాడు. ఆయన ప్రాణుల బొమ్మల గురించి గట్టిగా హెచ్చరించి, గీయక తప్పదంటే చెట్లు, రూహ్ లేనివి గీసుకోమన్నారు. జహంగీర్ బాద్‌షా కాలంలో ఉస్తాద్ మన్సూర్ కాశ్మీర్ పూలు వందకు పైగా గీశాడని బాద్‌షాయే రాసుకున్నాడు. (మన్సూర్ పక్షుల్నీ గీశాడు, అది వేరే చర్చ.)

మన తెలుగు నేలపైనా ఈ పని జరిగింది. కంపెనీ డాక్టర్ విలియం రాక్స్‌బర్గ్ సామర్లకోటలో తోట పెంచి, ఇక్కడి చిత్రకారులతో మొక్కల బొమ్మలు వేయించాడు. ఆయన వేయించినవాటిలో 300 బొమ్మలు 1795-1820 మధ్య లండన్‌లో అచ్చయ్యాయి. మొక్కల తెలుగు పేర్లు కూడా వేశారు, గీసినవాళ్ల పేర్లు మాత్రం వేయలేదు! అదే రోజుల్లో ఫ్రాన్స్‌లో రెడూతే గులాబీలనే గీసి 1817 నుంచి 1824 దాకా అచ్చు వేయించాడు. ఆయన పేరు ప్రపంచమంతా తెలుసు.

ఇది అందం కోసం గీసే బొమ్మ కాదు. చూసినవాళ్లు ఏ రకమో గుర్తుపట్టాలి. అందుకే పువ్వు ఎంత సైజుంటే అంతే గీస్తారు, స్కేలుతో కొలుస్తారు. గులాబీ ఆకు ఒక్కటి కాదు, ఒకే ఈనెకు ఐదో ఏడో చిన్నాకులు ఉంటాయి. ఆ ఈనె మొదట్లో రెండు వైపులా రెక్కల్లాంటి సన్నని భాగం ఉంటుంది. చాలామంది అది వదిలేస్తారు. ముల్లు కూడా చూడండి. నిమ్మ ముల్లు కొమ్మలోంచి వస్తుంది, గులాబీది పైతోలు మీదిదే. వేలితో పక్కకు నెడితే ఊడొస్తుంది. గీసేటప్పుడు ఆ తేడా కనపడాలి.

కామర్స్ చదివిన నాకు ఇవన్నీ కొత్తే. ఒకసారి చూశాక మా ఇంటి గులాబీ వేరేలా కనిపిస్తోంది.

మొదలుపెట్టేవాళ్లకు హెచ్‌బీ పెన్సిల్, వాటర్ కలర్స్, మందం కాగితం చాలు. తెల్లరంగు వాడరు, వెలుగు పడే చోట కాగితాన్ని అలాగే వదిలేస్తారు. కోసిన పువ్వు త్వరగా వాడిపోతుంది కాబట్టి ముందు రేకులకు రంగు వేయాలి. ఆకులు, కాడ రేపు వేసుకోవచ్చు, గ్లాసు నీళ్లలో అప్పటిదాకా బాగానే ఉంటాయి.