ఇంటిపన్నులో పుస్తకాల వాటా

స్టీలు సామాను కొనాలన్నా, పెళ్ళికి పప్పులూ మసాలాలూ టోకున తెచ్చుకోవాలన్నా హైదరాబాదు ఇల్లాళ్ళు బేగంబజారు దారే పడతారు. బేరాలాడి, సంచులు మోసుకుని అఫ్జల్‌గంజ్‌లో బస్సు కోసం నిలబడ్డప్పుడు మూసీ ఒడ్డున కోటలాంటి పెద్ద భవనం కనిపిస్తుంది, చూశారా? ఏ కోర్టో, కచేరీయో అనుకుని వచ్చేస్తుంటాం. అది రాష్ట్ర కేంద్ర గ్రంథాలయం.

1891లో సయ్యద్ హుసేన్ బిల్‌గ్రామీ చొరవతో ఆబిడ్స్‌లో మొదలైంది. ఆసఫ్‌జాహీల పేరున పుట్టింది కనుక పాతవాళ్ళకి అది ఆసఫియా లైబ్రరీయే. ఇప్పుడున్న భవనంలోకి 1936లో మారింది. ఉర్దూ, తెలుగు, ఇంగ్లీషు, హిందీ, మరాఠీ, కన్నడం... ఎవరి భాష పుస్తకాలు వారికి దొరుకుతాయక్కడ.

తెలుగు కోసం మాత్రం మనవాళ్ళు వేరే పాట్లు పడాల్సొచ్చింది. రాజభాష ఉర్దూ అయిన రోజుల్లో, 1901లో, రావిచెట్టు రంగారావుగారి ఇంట్లో శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయం వెలిసింది. ఆయన పోయాక దానికి సొంత గూడు ఏర్పడేందుకు ఆయన భార్య లక్ష్మీనరసమ్మగారు విరాళమిచ్చారు. చరిత్ర పుస్తకాల్లో ఆవిడకి దక్కేది ఒక్క వాక్యమే! సుల్తాన్‌బజారులో చీరల కోసం తిరిగేవాళ్ళు ఈసారి ఆ భాషానిలయం వైపు కూడా ఓ అడుగు వేయండి.

‘మాకెందుకండీ ఇవన్నీ?’ అంటారా? అయితే డబ్బు లెక్క వినండి. 1960 నాటి గ్రంథాలయ చట్టం ప్రకారం ఇంటిపన్ను మీద రూపాయికి ఎనిమిది పైసలు గ్రంథాలయ సెస్సు. అంటే వెయ్యి రూపాయల పన్నుకి ఎనభై. అద్దెకుంటే మాత్రం? ఇంటివారు అద్దెలో ఆ లెక్క కలుపుకోకుండా ఉంటారా! చదివినా చదవకపోయినా మనం కడుతూనే ఉన్నాం. ఆ సొమ్ము గ్రంథాలయాలకి సకాలంలో చేరితేనే కొత్త పుస్తకాలూ, ఫ్యాన్లూ, మరుగుదొడ్లూ. చివరిది ఆడపిల్లలకి ఎంత ముఖ్యమో వేరే చెప్పాలా?

ఎందుకంటే ఇవాళ ఇక్కడ నవలల పాఠకుల కంటే ఉద్యోగ పరీక్షలకి చదువుకునేవాళ్ళే ఎక్కువ. టిఫిన్ డబ్బా పట్టుకుని పొద్దున్నే వచ్చి కూర్చుంటారు. కోచింగ్‌కి వేలు పోయలేని ఇంటి పిల్లకి, పెళ్ళయ్యాక మళ్ళీ పుస్తకం పట్టిన కోడలికి ఫ్యాను కింద ఓ కుర్చీ దొరకడం చిన్న సంగతేం కాదు. ఇరుకింట్లో అది ఎక్కడిది?

అక్కడే కూర్చుని పేపరు చదువుకోవచ్చు. పుస్తకం ఇంటికి తెచ్చుకోవాలంటే సభ్యత్వం కావాలి. ఏ కాగితాలు కావాలో, డిపాజిట్టు ఎంతో కౌంటరులో అడగండి. పిల్లల్ని తీసుకెళ్ళేటట్టయితే సెలవు రోజేదో ముందే కనుక్కోండి. మూసిన తలుపు చూపించి తీసుకొస్తే మళ్ళీ రారు.