గురి పిస్తోలు మీది గుర్తులు

ఎన్నికల వేళ గుంటూరు, ప్రకాశం ప్రాంతాల్లో లైసెన్సు ఆయుధాలను పోలీస్ స్టేషన్లలో జమ చేయించే ఆనవాయితీ ఉంది. అప్పుడు ఆయుధాన్ని లైసెన్సుతో సరిచూడటానికి ఆధారాలు తయారీదారు పేరు, బోరు అనే గొట్టపు రంధ్రం కొలత, ఉక్కులో కొట్టిన సీరియల్ నంబరు. అయితే తాతల నాటి గురి పిస్తోలు, అంటే లక్ష్యాన్ని కొట్టే పోటీల కోసం చేసిన చేతి తుపాకీ, ఏ కాలానిదో తేల్చడానికి నంబరు ఒక్కటే చాలదు. జిన్నింగ్ మిల్లు బేలు మీది నంబరు మిల్లూ సీజనూ తెలియనిదే ఎలా అక్కరకు రాదో, ఒక్కో నమూనాకు ఒక్కో వరుస నడిచిన చోట తుపాకీ నంబరూ అలాగే అక్కరకు రాదు.

కనుక ముందు చదవవలసింది పేరు. 1897లో ఏర్పడిన ‘వెబ్లీ అండ్ స్కాట్ రివాల్వర్ అండ్ ఆర్మ్స్ కంపెనీ’ 1906లో ‘వెబ్లీ అండ్ స్కాట్ లిమిటెడ్’గా మారింది కాబట్టి, ఈ పొట్టి పేరున్న పిస్తోలు అంతకు ముందుది అయ్యే వీలు లేదు. మద్రాసు వంటి ఊరి పేరుతో ఉన్న దుకాణం ముద్ర మాత్రం అమ్మినవారిదే కావచ్చు. దాన్ని చూసి తయారీదారును నిర్ణయించడం పొరపాటు.

అన్నిటికన్నా నమ్మదగినవి ప్రూఫ్ ముద్రలు. మామూలు మోతాదుకు మించి మందు దట్టించి పేల్చినప్పుడు గొట్టం తట్టుకుంటేనే వాటిని కొడతారు. 1813లో బ్రిటిష్ పార్లమెంటు చట్టంతో ఏర్పడిన బర్మింగ్‌హామ్ ప్రూఫ్ హౌస్ 1904 వరకు కిరీటంతో పాటు అడ్డంగా పెట్టిన రెండు రాజదండాలను ముద్రించేది. ఆ తరువాత కిరీటం కింద ‘బీపీ’, ‘బీవీ’, పొగలేని మందుకు పరీక్షించినట్టు తెలిపే ‘ఎన్‌పీ’ అక్షరాలు వచ్చాయి. జర్మన్ పిస్తోళ్లపై కిరీటం కింద ఉండే ‘ఎన్’ 1940 ప్రాంతంలో డేగ కిందికి చేరింది. 1970లలో అక్కడ సంవత్సరాన్ని అక్షరాలతోనూ సూచించేవారు. ‘ఏ’ సున్నా, ‘బీ’ ఒకటి అనుకుంటూ లెక్కిస్తే ‘హెచ్’ ఏడు, ‘జీ’ ఆరు అవుతాయి, కనుక ‘హెచ్‌జీ’ అంటే 1976.

తుప్పు వదిలించాలని గరుకు కాగితంతో రుద్దితే ఈ గీతలే ముందు అరిగిపోతాయి. దీపాన్ని ఏటవాలుగా పట్టి భూతద్దంతో చూస్తే లోతుగా కొట్టిన అంకె అంచు నీడగా తేలుతుంది. 1959 ఆయుధాల చట్టం 8వ సెక్షన్ ప్రకారం పేరునూ నంబరునూ చెరపడం, మార్చడం నిషిద్ధం. చెరిగిన తుపాకీ ఎవరి వద్ద దొరికితే వారే చెరిపారని, కాదని వారు రుజువు చేసుకునే వరకు, చట్టం భావిస్తుంది.