అవాంఛిత యాంత్రిక ఫోన్‌కాల్స్: దండన ఎవరికి? పరిహారం ఎవరికి?

ముందుగా రికార్డు చేసిన గొంతుతో ఒక యంత్రం వేలాది మందికి ఏకకాలంలో ఫోన్ చేయగలదు. చేసినవారికి అయ్యే ఖర్చు స్వల్పం. ఎత్తినవారికి కలిగే నష్టం కూడా, విడివిడిగా చూస్తే, స్వల్పమే. పోయిన అరనిమిషం కోసం ఎవరూ న్యాయస్థానం మెట్లెక్కరు. ఈ తప్పుకు రక్షణ కల్పిస్తున్నది ఆ స్వల్పత్వమే. కాబట్టి ఇక్కడ జరిమానా ఎంత అన్నదానికంటే, అది ఎవరిపై పడుతుంది, ఎవరు వసూలు చేస్తారు, ఎవరికి చేరుతుంది అన్న ప్రశ్నలు ముఖ్యమైనవి. ఆ దృష్టితో భారతదేశ నిబంధనలను, వాటికి పోలికగా అమెరికా చట్టాన్ని ఈ వ్యాసం పరిశీలిస్తుంది.

మన దేశంలో ఈ నియంత్రణకు 2007లో, 2010లో నిబంధనలు వచ్చాయి. ప్రస్తుతం అమలులో ఉన్నవి టెలికాం నియంత్రణ సంస్థ 'ట్రాయ్' 2018 జూలైలో జారీచేసినవి. 2025 ఫిబ్రవరి 12న వాటికి ముఖ్యమైన సవరణ వెలువడింది. ప్రచార కాల్స్‌కు 140తో, సేవా, లావాదేవీల కాల్స్‌కు 1600తో మొదలయ్యే నంబర్లను నిర్దేశించారు. మామూలు పది అంకెల నంబరు నుంచి టెలిమార్కెటింగ్ చేయరాదు. ఆటోడయలర్‌ను, రికార్డు చేసిన కాల్స్‌ను వాడదలచిన సంస్థ ఆ సంగతిని తన టెలికాం కంపెనీకి ముందుగా తెలపాలి.

ఈ వ్యవస్థలో ప్రధాన దండన డబ్బు కాదు, కనెక్షన్. మొదటి ఉల్లంఘనకు ఆ సంస్థ కనెక్షన్లన్నింటి నుంచి బయటికి వెళ్లే కాల్స్‌ను 15 రోజులు నిలిపివేస్తారు. మళ్లీ ఉల్లంఘిస్తే అన్ని కంపెనీల కనెక్షన్లనూ ఏడాదిపాటు తొలగించి బ్లాక్‌లిస్టులో చేరుస్తారు. నగదు భారం మాత్రం టెలికాం కంపెనీలది. అవాంఛిత కాల్స్ లెక్కలను తప్పుగా నివేదించిన కంపెనీపై మొదట 2 లక్షలు, రెండవసారి 5 లక్షలు, ఆపైన ప్రతిసారీ 10 లక్షల రూపాయలు పడతాయి. నిబంధనల భాషలో ఇది 'ఆర్థిక నిరుత్సాహకం'. జరిమానా అన్న మాట వాడలేదు. 1997 నాటి ట్రాయ్ చట్టం ప్రకారం ఆదేశోల్లంఘనకు జరిమానా విధించవలసింది న్యాయస్థానం, అదీ ట్రాయ్ ఫిర్యాదు చేస్తేనే. ఆ పదం వెనుక ఉన్న జాగ్రత్త ఇదేననిపిస్తుంది.

ఈ దండనలలో ఏదీ ఫోన్ ఎత్తినవారికి ఒక్క రూపాయి ఇవ్వదు. అమెరికా 1991లో చేసిన టెలిఫోన్ వినియోగదారుల రక్షణ చట్టం వేరే దారి పట్టింది. కాల్ అందుకున్నవారే దావా వేసి ఒక్కో అక్రమ కాల్‌కు 500 డాలర్లు కోరవచ్చు. బుద్ధిపూర్వక ఉల్లంఘన అయితే న్యాయస్థానం దానిని 1,500 దాకా పెంచవచ్చు. అయితే 2021లో అక్కడి సుప్రీంకోర్టు ఫేస్‌బుక్ కేసులో ఆటోడయలర్ నిర్వచనాన్ని బాగా కుదించింది. ప్రభుత్వం విధించే జరిమానాల కథ మరీ విచిత్రం. మూడు నెలల్లో 500 కోట్లకు పైగా కాల్స్ చేసిన ముఠాపై 2023లో అక్కడి కమ్యూనికేషన్ల కమిషన్ దాదాపు 30 కోట్ల డాలర్ల జరిమానా ప్రకటించింది. కానీ బకాయి వసూలుకు దావా వేసే అధికారం కమిషన్‌కు లేదు, న్యాయశాఖను ఆశ్రయించాలి. 2015 నుంచి విధించిన 20.8 కోట్ల డాలర్లలో వసూలైనది 6,790 డాలర్లేనని 2019లో వాల్ స్ట్రీట్ జర్నల్ లెక్కతేల్చింది. ఈ రెండు అంకెల మధ్య దూరం చాలా వ్యాఖ్యానాలకన్నా విలువైనది.

వసూలు చేయలేని కోట్లకన్నా తొలగించగల కనెక్షన్ మేలైన ఆయుధమే. 2024 ఆగస్టు ఆదేశం తరువాత కొద్ది వారాల్లోనే 2.75 లక్షలకు పైగా నంబర్లు తొలగించినట్లు ట్రాయ్ ప్రకటించింది. కానీ ఇతరుల పేర్లతో సిమ్‌కార్డులు సంపాదించే మోసగానికి ఒక నంబరు పోవడం పెద్ద నష్టం కాదు. రిజిస్టరైన వ్యాపారిని భయపెట్టే ఈ శిక్ష అసలు నేరస్థుని అంతగా తాకదు.

అమలుకు మరో షరతు ఉంది. రిజిస్టరు కాని పంపకందారుపై చర్య మొదలు కావాలంటే పది రోజుల్లో ఐదు ఫిర్యాదులు రావాలి. ఇంతకుముందు ఏడు రోజుల్లో పది కావలసి ఉండేవి. కాల్ వచ్చిన ఏడు రోజుల లోపు 1909కు గానీ, డీఎన్‌డీ యాప్‌లో గానీ ఫిర్యాదు చేయవచ్చు. ముందుగా డీఎన్‌డీలో నమోదై ఉండనవసరం లేదు. మనలో చాలామంది చేసేది మాత్రం ఫోనులో 'బ్లాక్' నొక్కడం. అది ఆ ఐదింటి లెక్కలోకి రాదు.