కంటిన్యూటీ పుస్తకం చదువు

తెలుగు డైలీ సీరియల్ సెట్లో కొత్త అసిస్టెంట్ డైరెక్టర్‌కి సాధారణంగా మొదట అప్పజెప్పేది కంటిన్యూటీ. ఒకే ఇంటి సీన్లు ఏ ఎపిసోడ్‌వైనా కలిపి తీసేస్తారు కనుక నటి చేతికి ఎన్ని గాజులు, బొట్టు ఏ ఆకారం, గ్లాసులో పాలెంత అన్నీ రాసుకోవాలి. గుమాస్తా పనే, కానీ ముక్కలుగా తీసిన కథ ఎడిటింగ్‌లో ఎలా అతుకుతుందో తెలిసేది ఇక్కడే. ఫిల్మ్ ఇన్‌స్టిట్యూట్ చదువు చాలదా అంటే, అది షాట్ల వ్యాకరణం చెబుతుంది. ప్రసార సమయం తరుముతుంటే పని చేయడం సెట్టే నేర్పాలి.

నేర్పే పేరుతో ఉచిత చాకిరీ చేయించుకుంటారన్న ఆక్షేపణ మాత్రం బలమైనదే. అప్రెంటిస్‌కి స్టైపెండ్ ఇవ్వాలని 1961 నాటి అప్రెంటిస్ చట్టమే చెప్పింది. కానీ సెట్లలో నడిచేది ఎక్కువగా నోటిమాట. గాజుల లెక్క తప్పితే రీషూట్ ఖర్చు నిర్మాతదే. ఆ ఖర్చు తప్పించినవాడికి జీతమివ్వడం దయేమీ కాదు.