‘కాబట్టి’ దగ్గర పోతున్న మార్కులు

లా సీటు కోసం ప్రవేశ పరీక్షకు కూర్చునే పల్లె విద్యార్థులను తికమకపెట్టే ప్రశ్న ఒకటుంది. ‘ఈ కిందివాటిలో వాదనను బలపరిచేది ఏది?’ అన్నదే అది. చదవడానికి తేలికగానే ఉంటుంది. జవాబు పెట్టబోతే నాలుగూ నిజమే అనిపిస్తాయి.

హైదరాబాదులోని నల్సార్, విశాఖలోని దామోదరం సంజీవయ్య విశ్వవిద్యాలయాలలో చేరాలంటే రాయవలసిన క్లాట్ పరీక్షలో 120 ప్రశ్నలు, రెండు గంటల వ్యవధి. తప్పు జవాబుకు పావు మార్కు కోత. ప్రశ్నపత్రం ఇంగ్లీషులో ఉంటుందన్న బెంగ సరే, ఈ ప్రశ్న దగ్గర మాత్రం దెబ్బ తినేది భాష వల్ల కాదు.

ఒక ఊరి సంగతే తీసుకుందాం. కొళాయిలు వేశాక ఊళ్లో విరేచనాలు తగ్గాయి, కాబట్టి కొళాయి నీళ్ల వల్లే తగ్గాయి అన్నది వాదన. జవాబులు ఇవి: నీళ్లు కాచి తాగడం మంచిది. కొళాయిలకు పంచాయతీ చాలా ఖర్చు పెట్టింది. ఆ ఏడే ఇంటింటికీ మరుగుదొడ్లు కట్టారు. కొళాయి రాని వాడలో మాత్రం విరేచనాలు తగ్గలేదు.

మొదటిది అందరూ ఒప్పుకునే మాటే. అందుకే చాలామంది చెయ్యి దాని మీదకే పోతుంది. కానీ ‘కాబట్టి’కి దానితో పనిలేదు. ఖర్చు సంగతీ అంతే. మరుగుదొడ్ల మాట వాదనకు ఎదురు తిరుగుతుంది, తగ్గడానికి వేరే కారణం చూపిస్తుంది గనుక. కొళాయి రాని వాడ కబురే అసలు జవాబు. తగ్గుదల నీళ్లు వచ్చిన చోటే కనబడిందని అది చెబుతున్నది. వాదన పూర్తిగా రుజువు కానక్కరలేదు, మునుపటికన్నా గట్టిపడితే చాలు.

ఇది పరీక్షల కోసం కల్పించిన తంతు కాదు. 1854లో లండనులో కలరా చెలరేగినప్పుడు జాన్ స్నో అనే డాక్టరు ఇదే పద్ధతి పట్టుకున్నాడు. ఒకే వీధుల్లో రెండు కంపెనీలు నీళ్లు సరఫరా చేసేవి. ఒకటి మురుగు కలిసిన థేమ్స్ నీళ్లు తోడేది. రెండోది 1852లోనే తోడే చోటును నది ఎగువకు మార్చుకుంది. ఇరుగు పొరుగు వాళ్లే, అదే గాలి, తేడా నీళ్లలోనే. మొదటి ఏడు వారాలలో పదివేల ఇళ్లకు మొదటి కంపెనీ వైపు 315 మంది పోతే, రెండో దాని వైపు పోయినవారు 37 మంది. చెడుగాలి వల్ల కలరా వస్తుందనేవారికి దీనికి సమాధానం చెప్పడం కష్టమే.

స్నో పేరెత్తితే అందరూ చెప్పుకునేది బ్రాడ్ స్ట్రీట్ బోరింగు కథ. 1854 సెప్టెంబరు 8న దాని పిడి ఊడదీయించాడు, కలరా ఆగింది అంటారు. అయితే అప్పటికే జనం ఆ పేట వదిలిపోయారు, చావులూ తగ్గుముఖం పట్టాయి. పిడి కథ, 315కు 37 లెక్క పక్కపక్కన ఇచ్చి ఏది బలమైనదని అడిగితే, ఎక్కువమంది పిడికే గుర్తు పెడతారు.