పికప్ బండి కొనేముందు: క్యాబిన్ ఎంత, బాడీ ఎంత?



ఒకప్పుడు మన పల్లెల్లో ఎడ్లబండి నిలిచిన చోట ఈ దినాల్లో పికప్ బండి నిలుస్తున్నది. 2005లో టాటా ఏస్ మార్కెట్టుకు వచ్చింది. 2011లో అశోక్ లేలాండ్ దోస్త్, 2016లో మారుతి సూపర్ క్యారీ, 2019లో టాటా ఇంట్రా వచ్చాయి. వీటన్నిటి నడుమ మహీంద్రా బొలెరో పికప్ ఉండనే ఉన్నది. అదే 2016లో మన రాష్ట్రంలోని శ్రీసిటీలో ఇసుజు కంపెనీ పికప్‌లు తయారుచేసే కర్మాగారం కూడా మొదలైంది. కూరగాయలు పండించేవారు, పాలు సేకరించేవారు, టెంటు సామాను అద్దెకిచ్చేవారు, ఎరువుల కొట్టు పెట్టుకొన్నవారు, అందరూ ఇలాంటి బండ్ల వైపు చూస్తున్నారు.

అయితే బండి కొనేటప్పుడు చాలామంది అడిగేది రెండే ప్రశ్నలు. నెలకు కంతు ఎంత? లీటరుకు ఎన్ని కిలోమీటర్లు? ఈ రెండూ అవసరమే. కాని వీటికంటే ముందుగా తేల్చుకోవలసిన సంగతులు మరి రెండున్నాయి. క్యాబిన్‌లో ఎంతమంది కూర్చోవాలి? వెనుక బాడీ ఎంత పొడవు ఉండాలి? రంగు నచ్చకపోతే మార్చుకోవచ్చు, టైర్లు మార్చుకోవచ్చు, సీటు కవర్లు మార్చుకోవచ్చు. క్యాబిన్, బాడీ మాత్రం ఒకసారి కొన్నాక మారవు. నాలుగైదేళ్లు కంతులు కట్టే కుటుంబం ఈ సంగతిని నిదానంగా ఆలోచించడం మంచిది.

బాడీ: చోటు వేరు, బరువు వేరు

బాడీ ఎంత పెద్దదైతే అంత మంచిదనుకోవడం సహజం. కాని బాడీలో పట్టినదంతా బండి మోయగలదని అర్థం కాదు. బండి మోయగల బరువు ఎంతో తెలుసుకోవడానికి ఆర్‌సి పుస్తకం చాలు. అందులో లోడుతో కలిపి మొత్తం బరువు ఒకటి, ఖాళీ బండి బరువు ఒకటి రాసి ఉంటాయి. మొదటిదానిలో నుండి రెండవది తీసివేస్తే మిగిలేదే మనం ఎక్కించగల బరువు. క్యాబిన్‌లో కూర్చున్నవారి బరువు కూడా అందులోనే చేరుతుంది. ఇనుప చట్రం కట్టించి, రేకు కప్పు వేయించిన యెడల ఆ ఇనుము బరువు కూడా అందులోనే పోతుంది.

టాటా ఏస్ గోల్డ్‌ను ఉదాహరణగా తీసుకొందాం. దాని బాడీ సుమారు 7 అడుగుల 2 అంగుళాల పొడవు, 4 అడుగుల 10 అంగుళాల వెడల్పు, ఒక అడుగు ఎత్తు. మోసే బరువు రకాన్ని బట్టి కొంత మారినా, దాదాపు 750 కిలోలు. ఇప్పుడు ఆ బాడీని అంచు వరకు ఇసుకతో నింపామనుకొందాం. ఘనపుటడుగు పొడి ఇసుక సుమారు 45 కిలోలు ఉంటుంది. బాడీలో 35 ఘనపుటడుగులు పడతాయి. అంటే ఒకటిన్నర టన్నులకు పైమాటే! బండి మోయవలసినదానికి రెట్టింపు. తడి ఇసుక అయితే ఇంకా ఎక్కువ.

నీళ్ల సంగతీ ఇంతే. ఎండాకాలంలో వెయ్యి లీటర్ల ట్యాంకును చిన్న బండిలో పెట్టి తిప్పడం చాలాచోట్ల చూస్తుంటాం. లీటరు నీళ్లు కిలో గనుక, నీళ్లే టన్ను బరువు. పైగా మూత దాకా నింపని ట్యాంకులో నీళ్లు మలుపు దగ్గర ఒకవైపుకు కొట్టుకొని వచ్చి బండిని తన్నేస్తాయి.

గనుక ముందుగా మన సరుకు ఏమిటో కాగితం మీద రాసుకోవాలి. 75 కిలోల ధాన్యపు బస్తాలైతే 750 కిలోల బండి పదింటిని మోస్తుంది. చోటు చూస్తే ఇరవైకి పైగా పట్టేలా కనబడుతుంది. అదే కంటికి వచ్చే భ్రమ. టమోటా క్రేట్లు చూద్దాం. సుమారు 21 అంగుళాల పొడవు, 14 అంగుళాల వెడల్పు ఉండే క్రేటులో 25 కిలోల కాయ పోస్తే క్రేటుతో కలిపి 27 కిలోల దాకా వస్తుంది. ఏస్ బాడీలో ఒక వరుసకు 16 పడతాయి. రెండు వరుసలు నిండకముందే, 27 క్రేట్ల దగ్గరే బండి బరువు పూర్తవుతుంది. మదనపల్లె మార్కెట్టుకు రోజూ నలభై యాభై క్రేట్లు తీసుకుపోయే రైతు 1,300 కిలోల బండిని చూసుకోవడం మేలు. టాటా ఇంట్రా వి30 వంటి బండ్లు ఆ తరగతిలోనివి.

బరువు తక్కువ, చోటు ఎక్కువ కావలసిన సరుకులు వేరు. పశుగ్రాసం, ఖాళీ డబ్బాలు, ప్లాస్టిక్ కుర్చీలు, కోళ్ల బోనులు, పూలబుట్టలు తీసుకుపోయేవారికి బాడీ పొడవు ముఖ్యం. అటువంటివారు బరువు లెక్క తక్కువైనా పొడవైన బాడీ తీసుకోవచ్చు.

పొడవును ఏది నిర్ణయించాలి?

మన పనిలో అన్నిటికంటే పొడుగైన వస్తువు ఏదో చూడండి. ప్లైవుడ్ పలక 8 అడుగుల పొడవు, 4 అడుగుల వెడల్పు. ఏస్ బాడీలో అది పది అంగుళాల మేర వెనుకకు వస్తుంది. బొలెరో పికప్‌లోని 9 అడుగుల బాడీలో చదునుగా పడుకొంటుంది. బొలెరో మ్యాక్స్ పికప్‌లో రకాన్ని బట్టి 10 అడుగుల బాడీ కూడా దొరుకుతుంది. బోరుకు వేసే 20 అడుగుల పైపులు వీటిలో దేనిలోనూ పట్టవు. ఏడాదికి రెండుసార్లు పైపులు తేవడం కోసం పొడవైన బండి కొననక్కరలేదు, ఆ రెండుసార్లు ట్రాక్టరు కిరాయికి తెచ్చుకోవడమే లాభం. ఏడాదికి ఒకటి రెండుసార్లు పడే పని కోసం కాక, వారంలో ఐదు రోజులు చేసే పని కోసం బండి కొనాలి.

సరుకు బాడీ దాటి బయటకు రావడం చిన్న సంగతి కాదు. 2019లో మోటారు వాహనాల చట్టాన్ని సవరించినప్పుడు, సరుకు పక్కలకు గాని ముందుకు, వెనుకకు గాని హద్దు దాటి ఉంటే 20,000 రూపాయల జరిమానా అని పెట్టారు. బరువు ఎక్కువైతే 20,000 రూపాయలు, ఆపైన ప్రతి అదనపు టన్నుకు 2,000 రూపాయలు, ఎక్కువైన సరుకును దించే ఖర్చు వేరు. ఒక్క జరిమానాతో నెల కంతు పోయినట్టే.

పొడవైన బాడీకి కష్టాలు కూడా ఉన్నాయి. బండి పొడుగయ్యే కొద్దీ తిరగడానికి ఎక్కువ చోటు కావాలి. మీ ఇంటి వీధి మలుపులో, పొలం గట్టు మీద, కల్లం దగ్గర అది తిరుగుతుందా? బాడీలో చాలా భాగం వెనుక చక్రాల ఇరుసు దాటి ఉంటే, బరువంతా చివరన పెట్టినప్పుడు ముందు చక్రాలు తేలికై స్టీరింగు మాట వినదు. బరువైన సరుకు ఎప్పుడూ క్యాబిన్ గోడకు ఆనించి ఇరుసుకు ముందు భాగంలో పెట్టాలి, తేలికదానిని వెనుక పెట్టాలి. ఇంకొక మాట. బరువు మోసే కమాన్ కట్టలున్న బండి ఖాళీగా పోయేటప్పుడు ఎగిరెగిరి పడుతుంది, తడి రోడ్డు మీద బ్రేకుకు జారుతుంది. సగం రోజులు ఖాళీగా తిరిగే ఇంటికి పెద్ద బండి భారమే గాని బలం కాదు.

క్యాబిన్: ఇద్దరా, ఐదుగురా?

సింగిల్ క్యాబిన్ బండిలో డ్రైవరుతో పాటు ఒకరు, కొన్నిటిలో ఇద్దరు కూర్చోవచ్చు. డబుల్ క్యాబిన్‌లో వెనుక ఇంకొక సీటు, తలుపులు ఉంటాయి, మొత్తం ఐదుగురు కూర్చోవచ్చు. మహీంద్రా బొలెరో క్యాంపర్ ఈ రకానిది. దాని మోత సుమారు టన్ను. అయితే క్యాబిన్ పెరిగిన మేరకు బాడీ తరుగుతుంది. డబుల్ క్యాబిన్ బండ్లలో బాడీ సాధారణంగా ఐదడుగుల దగ్గరే ఉంటుంది. ప్లైవుడ్ పలకలు, పొడుగు బస్తాల వరుసలు అందులో పట్టవు. ధర కూడా ఎక్కువ.

కాబట్టి ఎవరికి ఏది? రోజూ సరుకు తోలి కిరాయి సంపాదించేవారికి సింగిల్ క్యాబినే సరైనది. క్యాబిన్‌లోని ఖాళీ సీటు వారికి రూపాయి తీసుకురాదు. కూలీలను, మేస్త్రీలను పనిముట్లతో సహా పనిచోటికి తీసుకుపోయేవారికి, కరెంటు పనులు, బోరు మోటార్ల మరమ్మత్తులు చేసేవారికి డబుల్ క్యాబిన్ ఉపయోగం. వారికి సామాను కొద్ది, మనుషులు ఎక్కువ.

మన సంఘాల్లో చూస్తున్న ప్రమాదం

ఇక్కడ మేము ఒక సంగతి సూటిగా చెప్పదలచుకొన్నాము. ఇంటిలో పికప్ ఉంటే ఆదివారం ఆరాధనకు, పక్క ఊరి కన్వెన్షన్‌కు, పెండ్లికి, సమాధి కార్యక్రమానికి బాడీలో మనుషులను నిలబెట్టి తీసుకుపోవడం మన పల్లెల్లో మామూలైపోయింది. స్త్రీలు, వృద్ధులు, చంటిబిడ్డల తల్లులు కూడా అడుగు ఎత్తు పలకను పట్టుకొని ప్రయాణం చేస్తున్నారు. ప్రేమతోనే ఎక్కించుకొంటున్నారు, అందులో సందేహం లేదు. కాని ఆ బాడీలో సీటు లేదు, బెల్టు లేదు, తలపైన కప్పు లేదు. నిలబడినవారి బరువు పైన ఉండడం వల్ల మలుపులో బండి తేలికగా పల్టీ కొడుతుంది.

దీనికి తోడు బీమా సంగతి. సరుకు బండికి తీసుకొనే బీమాలో సరుకు యజమానికి లేక అతని తరపు మనిషికి 1994 సవరణ వల్ల రక్షణ ఉన్నది. ఉచితంగా ఎక్కించుకొన్న ప్రయాణికులకు మాత్రం బీమా కంపెనీ బాధ్యత వహించనవసరం లేదని 2002లో సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. అంటే జరగరానిది జరిగితే, గాయపడిన కుటుంబాలకు పరిహారం కట్టవలసిన భారం బండి యజమాని మీద పడుతుంది. పొలం, ఇల్లు అమ్మినా తీరని భారం అది. ఉపకారం చేయబోయిన ఇల్లు, ఉపకారం పొందబోయిన ఇల్లు రెండూ కూలిపోతాయి.

అందుచేత ఇంటిలో ఐదుగురు ఉండి, ఆదివారం అందరినీ ఈ బండిలోనే తీసుకుపోదామనే ఆలోచన ఉన్న యెడల డబుల్ క్యాబిన్ తీసుకోండి, లేదా సరుకుకు సింగిల్ క్యాబిన్ కొని మనుషుల ప్రయాణానికి బస్సో ఆటోనో చూసుకోండి. సంఘమంతా కదిలే రోజున సంఘ పెద్దలు కలిసి ఒక బస్సు మాట్లాడుకోవచ్చు. తలా కొంత వేసుకొంటే అది ఎవరికీ మోయలేని ఖర్చు కాదు.

కాగితాల మీద తేడా

బాడీ, బరువు ఎంచుకొనడంలో చట్టానికి కూడా పాలున్నది. మొత్తం బరువు 3,000 కిలోలు దాటని సరుకు బండికి మోటారు వాహనాల చట్టం ప్రకారం పర్మిట్ అవసరం లేదు. ఏస్ వంటి చిన్న బండ్లు ఈ హద్దు లోపలే ఉంటాయి. బొలెరోలో పెద్ద రకాలు దాటుతాయి. ఒక్క రెండు వందల కిలోల కోసం హద్దు దాటే ముందు ఆలోచించాలి. సరుకు బండికి మొదటి ఎనిమిదేళ్లు రెండేళ్లకొకసారి, ఆ తర్వాత ఏటేటా ఫిట్‌నెస్ చేయించాలి.

లైసెన్సు విషయంలో మంచి కబురు ఉన్నది. మొత్తం బరువు 7,500 కిలోలు దాటని రవాణా బండిని లైట్ మోటారు వాహన లైసెన్సుతోనే నడపవచ్చునని 2024 నవంబరులో సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం చెప్పింది. మనం చెప్పుకొన్న పికప్‌లన్నీ ఆ లోపలివే.

గ్యాసు బండి కొనేవారు ఒకటి గమనించాలి. సిలిండరు బరువు వల్ల మోత తగ్గుతుంది. మారుతి సూపర్ క్యారీ పెట్రోలు రకం 740 కిలోలు మోస్తే, సిఎన్‌జి రకం 625 కిలోలే మోస్తుంది. అంటే ధాన్యంలో బస్తాన్నర తక్కువ.

అడ్వాన్సు ఇచ్చేముందు

షోరూముకు పోకముందే ఇంటివారంతా, ముఖ్యంగా ఖర్చు లెక్క చూసే ఇల్లాలు కూడా, కలిసి కూర్చోండి. గడచిన సంవత్సరంలో మీరు కిరాయి బండ్లలో ఏయే సరుకు ఎన్నిసార్లు తోలించారో రాయండి. ప్రతిదాని ఎదుట బరువు, పొడవు వేయండి. ఎక్కువసార్లు వచ్చిన అంకె మీ బండిని చెబుతుంది.

తర్వాత ఒక పని చేయండి. కొనదలచిన బండి బాడీ కొలతలు తెలుసుకొని, వాకిట్లో సుద్దముక్కతో ఆ పొడవు, వెడల్పు గీయండి. ఆ గీతల మధ్య మీ బస్తాలు, క్రేట్లు, పాలక్యాన్లు పేర్చి చూడండి. పేర్చినవాటి బరువు కూడండి. గీతల లోపల చోటు మిగిలి, బరువు నిండితే బండి సరిపోయింది. చోటు నిండి బరువు మిగిలితే ఇంకొంచెం పొడవైన బాడీ చూడండి. బరువే హద్దు దాటితే పై తరగతి బండికి పోండి, లేదా రెండుసార్లు తిరగడానికి సిద్ధపడండి.

ఆఖరుగా, బండిని ఖాళీగా కాక మీరు తోలే లోడుతో నడిపి చూపించమని అడగండి. మీ వీధి మలుపు దాకా తెప్పించండి. సిగ్గుపడవలసిన పని లేదు. కంతులు కట్టేది మనమే, ఆ సీట్లో కూర్చునేది మన బిడ్డలే.